సాంఖ్యక శాస్త్ర బోధనలో కంప్యూటర్ల వినియోగం

సాంఖ్యక శాస్త్ర బోధనలో కంప్యూటర్ల వినియోగం అంటే దత్తాంశాలను సేకరించి, వర్గీకరించి, విశ్లేషించి, వాటినుండి నిర్ణయాలు చేయడాన్ని విద్యార్థులకు కంప్యూటరు, తగిన సాఫ్ట్‌వేరు సహాయంతో నేర్పే పద్ధతి. సాంఖ్యక శాస్త్రాన్నే గణాంక శాస్త్రం అని కూడా అంటారు. లెక్కింపులో పోయే కాలాన్ని తగ్గించి, ఆ కాలాన్ని ఆలోచనకు మళ్ళించడం ఈ పద్ధతి ముఖ్యోద్దేశం. అయితే సూత్రం అర్థం కాకుండా మీటలు నొక్కడం మాత్రమే వస్తే విద్యార్థి తప్పు నిర్ణయానికి మునుపటికంటే త్వరగా చేరుకుంటాడు. ఈ వ్యాసంలో ఆ పద్ధతి చరిత్రను, సాధనాలను, లాభనష్టాలను ఉమ్మడి నల్గొండ జిల్లాకు చెందిన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుండి తీసుకున్న ఉదాహరణలతో వివరించడమైనది.

## చరిత్ర

కంప్యూటర్లు రాకముందు సాంఖ్యక శాస్త్ర ప్రయోగశాల అంటే గ్రాఫు కాగితాలు, సంవర్గమాన పట్టికలు, చేతితో తిప్పే గణన యంత్రాలు. నమూనాలను యాదృచ్ఛికంగా ఎన్నుకోవడానికి అచ్చు పట్టికలను వాడేవారు. 1927లో టిప్పెట్ ప్రచురించిన పట్టికలో 41,600 అంకెలు ఉన్నాయి. 1938లో వెలువడిన ఫిషర్, యేట్స్ పట్టికలు అనేక దశాబ్దాలపాటు విద్యార్థుల చేతిలో ఉన్నాయి.

భారతదేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసినవారు ప్రశాంతచంద్ర మహలనోబిస్. ఆయన 1931లో కలకత్తాలో భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించారు. దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటరు వచ్చింది కూడా ఆ సంస్థకే. ఇంగ్లాండులో తయారైన హెచ్‌ఇసి-2ఎం అనే ఆ యంత్రాన్ని 1955లో అక్కడ నెలకొల్పారు. అంటే మన దేశంలో కంప్యూటరు అడుగుపెట్టింది సాంఖ్యక శాస్త్రం గడప మీదుగానే. మహలనోబిస్ జన్మదినమైన జూన్ 29ని 2007 నుండి జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు.

తెలుగువారిలో ఈ శాస్త్రానికి ప్రపంచఖ్యాతి తెచ్చినవారు కల్యంపూడి రాధాకృష్ణారావు (సి.ఆర్.రావు, 1920 - 2023). ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో భారతీయ సాంఖ్యక సంస్థలో చేరారు. క్రామర్-రావు అసమానతకు మూలమైన ఆయన పరిశోధన పత్రం 1945లో వెలువడింది. 2023లో ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర పురస్కారం లభించింది. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరిట ఉన్న సంస్థ గణితం, సాంఖ్యక శాస్త్రం, కంప్యూటర్ శాస్త్రం మూడింటినీ ఒక్కచోట చేర్చింది.

## ముఖ్యమైన సాఫ్ట్‌వేర్లు

ఈ శాస్త్రానికి ప్రత్యేకించిన సాఫ్ట్‌వేర్లు 1960వ దశకం చివరినుండి వెలువడ్డాయి.

* ఎస్‌పిఎస్‌ఎస్: 1968లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రాల పరిశోధన కోసం రూపొందింది. 2009లో ఐబిఎం కొనుగోలు చేసింది.
* మినిటాబ్: 1972లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ అధ్యాపకులు తమ విద్యార్థుల కోసం తయారు చేసినది. బోధన కోసమే పుట్టిన సాఫ్ట్‌వేరుగా దీనిని చెప్పుకోవచ్చు.
* శాస్: వ్యవసాయ పరిశోధన దత్తాంశాల విశ్లేషణకు నార్త్ కరోలినాలో మొదలై, 1976లో ప్రత్యేక సంస్థగా ఏర్పడింది.
* ఆర్: న్యూజీలాండులోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్ రూపొందించారు. 1.0 కూర్పు 2000 ఫిబ్రవరి 29న విడుదలైంది. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. ఎవరైనా ఖర్చు లేకుండా పొందవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు.
* స్ప్రెడ్‌షీట్లు: మైక్రోసాఫ్ట్ ఎక్సెల్, లిబ్రేఆఫీస్ క్యాల్క్ మొదలైనవి. ఇవి కేవలం సాంఖ్యక శాస్త్రానికి ఉద్దేశించినవి కాకపోయినా తరగతి గదులలో ఎక్కువగా కనిపించేవి ఇవే.
* జియోజీబ్రా: 2001లో మార్కస్ హోహెన్‌వార్టర్ ప్రారంభించారు. పాఠశాల స్థాయిలో రేఖాచిత్రాలకు, సంభావ్యతా విభాజనాలకు అనువైనది.

పైథాన్ వంటి సాధారణ ప్రోగ్రామింగ్ భాషలను కూడా ఈ పనికి విరివిగా వాడుతున్నారు. వాణిజ్య సాఫ్ట్‌వేరును ఏటా రుసుము చెల్లించి వాడటం చిన్న పట్టణాల కళాశాలలకు భారం. అనుమతి లేని నకళ్ళను వాడటం చట్టవిరుద్ధమే కాక, వైరస్‌లను ప్రయోగశాలలోకి తెచ్చే మార్గం కూడా. అందువల్ల ఆర్, లిబ్రేఆఫీస్ వంటివి ఇటువంటి కళాశాలలకు తగినవిగా భావిస్తారు. విద్యార్థి అదే సాఫ్ట్‌వేరును ఇంటికి తీసుకువెళ్ళి వాడుకోగలగడం మరొక సౌకర్యం.

## సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపై ఉన్నాయి. మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పేరుపొందినది. మూడూ 2016 అక్టోబరు వరకు నల్గొండ జిల్లాలోనివే. జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత సూర్యాపేట కొత్త జిల్లాకు కేంద్రమైంది; కోదాడ ఆ జిల్లాలో చేరింది; మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉంది. ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలు పూర్వం ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలో ఉండేవి. 2007లో నల్గొండలో ఏర్పడిన విశ్వవిద్యాలయం తరువాత మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంగా పేరు మార్చుకుంది. ప్రస్తుతం ఇవి దాని పరిధిలోనివి.

ఇక్కడి విద్యార్థికి సాంఖ్యక శాస్త్రం మూడు దశలలో ఎదురవుతుంది. పదవ తరగతి గణితంలో అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం, ఓజివ్ వక్రాలు ఉంటాయి. ఇంటర్మీడియట్ గణితంలో విస్తరణ కొలతలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు వస్తాయి. డిగ్రీలో గణితం, సాంఖ్యక శాస్త్రం, కంప్యూటర్ శాస్త్రం కలిసిన బి.ఎస్సీ. కోర్సు రాష్ట్రంలో ప్రసిద్ధమైనది. 2016-17లో డిగ్రీ స్థాయిలో ప్రవేశపెట్టిన ఐచ్ఛిక క్రెడిట్ విధానంలో సాంఖ్యక శాస్త్ర ప్రయోగ పాఠ్యాంశాలలో ఎక్సెల్‌లో దత్తాంశాల నమోదు, సోపాన చిత్రాలు, ఓజివ్‌లు గీయడం, ద్విపద విభాజనాన్ని అమర్చడం వంటివి చేర్చారు.

మొదటి రెండు దశలలో మాత్రం పరీక్ష అంతా కాగితం మీదనే. పదవ తరగతిలో చేతితో గీసిన ఓజివ్‌ను డిగ్రీలో తెరమీద చూసిన విద్యార్థికి ఆ రెండూ ఒకటేనని ఎవరో ఒకరు చెప్పవలసి ఉంటుంది. ఆ వంతెన కట్టడమే ఉపాధ్యాయుని పని.

## బోధనా విధానం

### స్థానిక సమస్య నుండి ప్రారంభం

పాఠ్యపుస్తకాలలోని సంఖ్యలు సాధారణంగా ఎక్కడివో తెలియనివి. తమ ఊరి సంఖ్యలతో పాఠం మొదలైతే విద్యార్థులు ఫలితంపై ఆసక్తి చూపుతారు. ఉమ్మడి నల్గొండ జిల్లాకు, ముఖ్యంగా దాని పశ్చిమ ప్రాంతానికి, భూగర్భ జలాలలోని ఫ్లోరైడు దశాబ్దాల సమస్య. పటిక, సున్నం కలిపి నీటినుండి ఫ్లోరైడును తొలగించే విధానానికి ఈ జిల్లా పేరుమీదనే నల్గొండ విధానం అని పేరు వచ్చింది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.0 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు.

ఒక గ్రామంలోని పది బోరుబావులలో ఫ్లోరైడు పరిమాణం, లీటరుకు మిల్లీగ్రాములలో, ఈ విధంగా ఉన్నదనుకుందాం. ఈ అంకెలు వివరణ కోసం కల్పించినవి.

0.6, 0.7, 0.7, 0.8, 0.8, 0.9, 0.9, 1.0, 1.1, 4.5

వీటి మొత్తం 12.0, అంకమధ్యమం 1.2. అనుమతించిన గరిష్ఠ పరిమితి 1.5 కంటే తక్కువ కనుక "గ్రామంలో సగటు ఫ్లోరైడు పరిమితిలోనే ఉంది" అని రాయవచ్చు. ఆ వాక్యంలో అబద్ధం లేదు. కాని పదవ బోరు నీరు తాగే కుటుంబాలకు అందుతున్నది పరిమితికి మూడు రెట్ల ఫ్లోరైడు. మధ్యగతం 0.85 మాత్రమే కనుక అది కూడా ఆ బోరును దాచివేస్తుంది. ఇవే పది అంకెలను కంప్యూటరు తెరపై చుక్కలుగా గుర్తిస్తే తొమ్మిది చుక్కలు ఒకచోట గుంపుగా, ఒకటి దూరంగా కనిపిస్తాయి. ఏ సూత్రమూ రాని ఆరవ తరగతి విద్యార్థి కూడా ఆ దూరపు చుక్కను చూపి "ఇది ఏ బోరు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టించడమే చిత్రం ప్రయోజనం.

ఇదే ఉదాహరణతో మరొక విషయం కూడా నేర్పవచ్చు. మరో రెండు బోర్ల నీటిని పరీక్షించలేదనీ, నమోదు చేసినవారు ఆ గడులను ఖాళీగా వదలక సున్న వేశారనీ అనుకుందాం. అప్పుడు మొత్తం 12.0ను 12తో భాగిస్తారు, సగటు 1.0కి దిగుతుంది. ఒక్క చుక్క నీరు కూడా శుద్ధి కాకుండానే గ్రామం కఠిన పరిమితికి లోబడినట్టు కనిపిస్తుంది. "తెలియదు" అనేది, "సున్న" అనేది వేరువేరని విద్యార్థులు మరచిపోకుండా చేయడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

### చిత్రాలు గీయడం

1973లో ఫ్రాన్సిస్ యాన్‌స్కోమ్ అనే శాస్త్రవేత్త నాలుగు దత్తాంశ సమూహాలను ప్రచురించారు. ఒక్కొక్కదానిలో 11 జతల సంఖ్యలు ఉన్నాయి. నాలుగింటిలోనూ మొదటి చలరాశి సగటు 9, రెండవదాని సగటు సుమారు 7.5, సహసంబంధ గుణకం సుమారు 0.82, ప్రతిగమన రేఖ కూడా దాదాపు ఒకటే. కాని చిత్రాలు గీస్తే మొదటిది సరళరేఖ చుట్టూ చెదిరిన చుక్కలు, రెండవది వక్రం, మూడవది ఒక్క చుక్క తప్ప అన్నీ ఒకే రేఖపై ఉన్నవి, నాలుగవది ఒక్క చుక్క వల్లనే సహసంబంధం ఏర్పడినది. కంప్యూటరు లేని రోజులలో ఒక పీరియడులో నాలుగు చిత్రాలు గీయడమే సరిపోయేది. ఇప్పుడు నిమిషాలలో గీసి, మిగిలిన పీరియడంతా చర్చకు వినియోగించవచ్చు. ఈ దత్తాంశాలు ఆర్ సాఫ్ట్‌వేరులో ముందుగానే పొందుపరచి ఉన్నాయి.

### అనుకరణ ప్రయోగాలు

కంప్యూటరు మాత్రమే చేయగలిగిన పని, ఒకే ప్రయోగాన్ని వేలసార్లు చేసి చూపడం. దీనిని అనుకరణ అంటారు. నాణెం ఎగరవేయడం, పాచికలు వేయడం ఇందుకు సాధారణంగా ఇచ్చే ఉదాహరణలు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు విద్యార్థులకు ధాన్యం బస్తాలు మరింత దగ్గరివి.

ధాన్యం కొనుగోలులో తేమ 17 శాతం మించరాదనేది నియమం. ఒక రైతు తెచ్చిన 100 బస్తాలలో 20 బస్తాలు ఈ పరిమితిని మించిన తేమతో ఉన్నాయనుకుందాం. కొనేవారు అన్నిటినీ పరీక్షించలేక యాదృచ్ఛికంగా ఐదు బస్తాలను ఎంచి, గొట్టం గుచ్చి గింజలు తీసి చూస్తారు. ఆ ఐదింటిలో ఒక్క తడి బస్తా కూడా తగలకపోయే సంభావ్యత ఎంత? చాలామంది విద్యార్థులు చాలా తక్కువ ఉంటుందని ఊహిస్తారు. లెక్కిస్తే అది సుమారు 0.32. అంటే దాదాపు మూడుసార్లలో ఒకసారి సరుకంతా పొడిగానే ఉందని పొరబడతారు. పది బస్తాలు పరీక్షిస్తే ఈ సంభావ్యత సుమారు 0.095కు తగ్గుతుంది.

ఈ లెక్కను సంయోగాల సూత్రంతో చేయవచ్చు. కాని సూత్రానికి ముందు ఆర్‌లో 1 నుండి 100 వరకు సంఖ్యలలో 20 సంఖ్యలను "తడి" అని గుర్తించి, ఐదేసి సంఖ్యలను 1000 సార్లు తీయించి, ఎన్నిసార్లు తడి బస్తా తగలలేదో లెక్కింపజేస్తే, ప్రతి విద్యార్థి తెరపైనా 320కి అటూ ఇటూగా ఒక సంఖ్య కనిపిస్తుంది. ఒకరికి 311, మరొకరికి 334 రావచ్చు. ఈ తేడాలు తప్పులు కావు, యాదృచ్ఛికతకు సహజమైనవి. ఆ తరువాత సూత్రం నేర్పితే అది ఏమి చెబుతున్నదో విద్యార్థికి ముందే తెలిసి ఉంటుంది. పరీక్షించే బస్తాల సంఖ్య రైతుకూ, కొనేవారికీ ఎంత ముఖ్యమో కూడా తెలుస్తుంది.

## పుస్తకంలోని జవాబు, కంప్యూటరు జవాబు

కంప్యూటరును తరగతిలోకి తెచ్చిన ఉపాధ్యాయునికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న: "పుస్తకంలో ఒక జవాబు, కంప్యూటరులో ఇంకొకటి, ఏది సరైనది?" పైన చెప్పిన పది బోర్ల అంకెలతోనే ఈ తేడాలను చూడవచ్చు.

'''ప్రామాణిక విచలనం:''' పాఠశాల, ఇంటర్మీడియట్ పుస్తకాలలో విచలనాల వర్గాల మొత్తాన్ని రాశుల సంఖ్యతో భాగిస్తారు. ఇక్కడ ఆ మొత్తం 12.3, దానిని 10తో భాగించి వర్గమూలం తీస్తే సుమారు 1.11 వస్తుంది. ఆర్ సాఫ్ట్‌వేరు మాత్రం ఒకటి తగ్గించి, అంటే 9తో భాగిస్తుంది. జవాబు సుమారు 1.17. దత్తాంశం మొత్తం సమూహానిదైతే మొదటిది, సమూహంలోనుండి తీసిన నమూనాదైతే రెండవది వాడతారు. నమూనా సగటు చుట్టూ కొలిచిన విచలనాలు వాస్తవంకంటే కొంచెం తక్కువగా కనిపిస్తాయి కనుక, ఆ లోటును పూడ్చడానికే ఒకటి తగ్గిస్తారు. ఎక్సెల్‌లో 2010 కూర్పునుండి ఈ రెండింటికీ వేరువేరు పేర్లు ఉన్నాయి; పేరు చివర "పి" ఉన్నది మొత్తం సమూహానికి, "ఎస్" ఉన్నది నమూనాకు.

'''చతుర్థాంశాలు:''' రాశుల సంఖ్యకు ఒకటి కలిపి నాలుగుతో భాగించే పద్ధతిలో మొదటి చతుర్థాంశం 0.7. ఆర్ సాధారణంగా అనుసరించే పద్ధతిలో అది 0.725. ఆర్‌లో చతుర్థాంశాలను కనుగొనే పద్ధతులు తొమ్మిది ఉన్నాయి. రాశులు ఎక్కువయ్యేకొద్దీ ఈ తేడాలు సాధారణంగా ఉపేక్షించదగినంత చిన్నవవుతాయి.

'''బాహుళకం:''' పై దత్తాంశంలో 0.7, 0.8, 0.9 మూడూ రెండేసిసార్లు వచ్చాయి కనుక బాహుళకాలు మూడు. ఎక్సెల్‌లోని సాధారణ సూత్రం 0.7 ఒక్కటే చూపి ఊరుకుంటుంది. ఆర్‌లో "మోడ్" అనే ఆదేశం ఇస్తే అసలు బాహుళకమే రాదు; దత్తాంశం సంఖ్యారూపంలో ఉందని చెప్పే ఒక మాట వస్తుంది. పేరు ఒకటే అయినా పని వేరు.

ఇటువంటి సందర్భాలలో కంప్యూటరే సరైనదని గాని, పుస్తకమే సరైనదని గాని తేల్చివేయక, ఏ నిర్వచనం ప్రకారం ఏ జవాబు వచ్చిందో వెతికించడం మంచిది. సాఫ్ట్‌వేర్లలో కూడా దోషాలు ఉండవచ్చు. ఎక్సెల్ 2003కు ముందు కూర్పులలో విస్తృతిని లెక్కించే పద్ధతి, చాలా పెద్ద సంఖ్యల మధ్య తేడాలు చాలా తక్కువగా ఉన్నప్పుడు తప్పు జవాబులు ఇచ్చేది. 2003 కూర్పులో దానిని సరిచేశారు.

## ఇబ్బందులు

* '''సౌకర్యాలు:''' ఒక్కో కంప్యూటరు ముందు ముగ్గురు, నలుగురు కూర్చోవలసి వస్తే మీటలు నొక్కేది ఒకరే, మిగిలినవారు ప్రేక్షకులు. పాత్రలను పీరియడు మధ్యలో మార్చడం, ఒకరు ఆదేశాలు చెబితే మరొకరు టైపు చేయడం కొంత పరిష్కారం. కంప్యూటరు ఒక్కటే ఉన్నచోట ఉపాధ్యాయుడు దానిని తెరపై చూపిస్తూ, లెక్కను విద్యార్థులచేత నోటుపుస్తకాలలో చేయించవచ్చు.
* '''భాష:''' తెలుగు మాధ్యమంలో మధ్యగతం, విస్తృతి అని నేర్చిన విద్యార్థికి తెరపై ఆంగ్ల పదాలు కనిపిస్తాయి. తెలుగు పదం, ఆంగ్ల పదం, సాఫ్ట్‌వేరులోని ఆదేశం మూడింటినీ పక్కపక్కన రాసిన పట్టికను ప్రయోగశాల గోడకు తగిలించడం ఉపయోగకరం. లిబ్రేఆఫీస్‌ను తెలుగు మెనూలతో కూడా వాడుకోవచ్చు. కంప్యూటరును తెలుగులోకి తెచ్చే పనిలో స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ కృషి చెప్పుకోదగినది. బొంబాయి ఐఐటి స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లపై పాఠాలను భారతీయ భాషలలో అందిస్తున్నది.
* '''నమోదు దోషాలు:''' 1,25,000 వంటి సంఖ్యలను కామాలతో టైపు చేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని సంఖ్యలుగా గుర్తించవు. 3-4 అని రాస్తే తేదీగా మార్చివేయవచ్చు. అది ఏప్రిల్ 3 కావచ్చు, మార్చి 4 కావచ్చు. ఒకరు నమోదు చేసినదానిని మరొకరు చదివి సరిచూడటం పాత పద్ధతే అయినా నేటికీ తగినదే.
* '''పరీక్షా విధానం:''' చివరి పరీక్షలో లెక్క చేతితోనే చేయవలసినప్పుడు కంప్యూటరు పీరియడును కాలహరణంగా భావించే విద్యార్థులు, తల్లిదండ్రులు ఉంటారు. చిన్న దత్తాంశంతో ఒకసారి చేతితో, పెద్ద దత్తాంశంతో అదే లెక్క కంప్యూటరుతో చేయిస్తే రెండు ప్రయోజనాలూ నెరవేరుతాయి.
* '''యాంత్రికత:''' ఏ దత్తాంశం ఇచ్చినా సాఫ్ట్‌వేరు ఏదో ఒక జవాబు ఇస్తుంది. విద్యార్థుల హాల్ టికెట్ నంబర్ల సగటు కనుగొనమన్నా అభ్యంతరం చెప్పదు. ఆ సగటుకు అర్థం లేదని చెప్పవలసినది మనిషే.

## ఒక ప్రయోగ పాఠం

సుమారు రెండు వారాలలో పూర్తిచేయగల ఒక ప్రయోగం ఈ విధంగా ఉండవచ్చు.

# విద్యార్థులు ఒక ప్రశ్నను ఎంచుకుంటారు. ఉదాహరణకు, "సూర్యాపేట, మిర్యాలగూడ మార్కెట్లలో ధాన్యం ధర రోజురోజుకు ఎంత మారుతుంది?"
# వ్యవసాయ మార్కెట్ల ధరలను ప్రకటించే ప్రభుత్వ పోర్టల్ అగ్‌మార్క్‌నెట్ నుండి గాని, మార్కెట్ యార్డు ధరల బోర్డునుండి గాని రోజూ ధరను నమోదు చేస్తారు. మార్కెట్ సెలవు దినాలలో గడిని ఖాళీగా వదులుతారు.
# మొదటి ఐదు రోజుల సగటును, ప్రామాణిక విచలనాన్ని చేతితో కనుగొంటారు.
# మొత్తం దత్తాంశాన్ని స్ప్రెడ్‌షీటులో చేర్చి, చిత్రం గీసి, కొలతలు కనుగొంటారు.
# ధర ఎందుకు మారింది, ధాన్యం రకం ఒకటేనా, తేమ ఒకటేనా అని చర్చిస్తారు.
# ఫలితాన్ని అంకెలు కాక, వాక్యాలలో, రైతుకు అర్థమయ్యే తెలుగులో ఒక పేజీకి మించకుండా రాస్తారు.

ఈ ఆరు మెట్లలో కంప్యూటరు అవసరమైనది ఒక్క నాలుగవదానికే. ప్రశ్న వేయడం, నిజాయితీగా నమోదు చేయడం, కారణం వెతకడం, అర్థమయ్యేలా చెప్పడం విద్యార్థి పనులు. ఇంటింటి ఆదాయం, ఆరోగ్యం వంటి వివరాలు సేకరించేటప్పుడు వారి అనుమతి తీసుకోవడం, పేర్లు నమోదు చేయకపోవడం తప్పనిసరి అని కూడా ఈ సందర్భంలోనే నేర్పాలి.

## ఇవి కూడా చూడండి

* సాంఖ్యక శాస్త్రం
* కల్యంపూడి రాధాకృష్ణారావు
* ప్రశాంతచంద్ర మహలనోబిస్
* సంభావ్యత
* స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్
* ఫ్లోరోసిస్
* సూర్యాపేట
* కోదాడ
* మిర్యాలగూడ